మామగారి గద్దెకు చోటు

మా ఇంట్లో ఏ వస్తువైనా రెండు పనులు చెయ్యాలి. ఆ నియమం పెట్టింది నేనే. మెట్లు ఎక్కి దిగడానికే కాదు, ఒక్కో మెట్టూ ఒక్కో సొరుగు. అడుగు మెట్టులో గొడుగులు, దాని పైదాంట్లో మందులు, చివరిదాంట్లో మా ఆయన ఇస్త్రీ చొక్కాలు. భోజనాల గదిలో చాపలు పరిచిన అరుగు ఉంది. దాని మీద కూర్చుని తింటాం, దాని కడుపులో చలికాలపు దుప్పట్లు దాస్తాం. పొద్దున్నే పరుపులు మడిచి గోడ అలమరలోకి తోసేస్తే మా పడకగదే మా అమ్మాయి కోహరుకు చదువుల గది. అలమర తలుపు మూసే పని మాత్రం మా ఆయన తెత్సురోది. దాంట్లో పరుపు మడత సరిగ్గా లేకపోతే తలుపు పడదు, తలుపు పడకపోతే నా నోరు మూతపడదు.

ఇల్లు ఎంతనుకున్నారు? ట్రాము పట్టాల పక్క సందులో, రెండు ఇళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడ్డ మూడంతస్తులు. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయని పేటలో వాళ్ళు వెక్కిరిస్తారు. అది అబద్ధం. ఒక గోడే తగులుతుంది.

చిన్న ఇళ్ళలో పెద్ద సంసారాలు సర్దిపెట్టడం నా ఉద్యోగం. కొత్తగా ఇల్లు కట్టించుకునేవాళ్ళను ముందు మా ఇంటికే తీసుకొస్తాను. వీధి తలుపు జరపగానే, చెప్పులు విడిచే చోట, ఎడమ గోడవార ఒక ఖాళీ కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేదు. ఇంత ఇరుకింట్లో అంత చోటు ఎందుకు వదిలేశారని అందరూ నోరు వెళ్ళబెడతారు. ఆ ఖాళీయే ఈ ఇంటికి ఊపిరి అంటాను నేను. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తాను. వాళ్ళు తలలు ఊపుతారు, సగంమంది అక్కడే ఒప్పుకుని పోతారు.

నిజానికి ఆ చోటు మా మామగారి మోకాళ్ళ కోసం వదిలింది. ఇల్లు కట్టేటప్పుడు ఆయన అడిగినవి రెండే. ఒకటి, నిలబడి బూట్లు విప్పుకోలేను, కాళ్ళు చాపుకోవడానికి వాకిట్లో కాస్త చోటు కావాలన్నారు. ఎంత చోటో సుద్దముక్కతో నేల మీద గీసి మరీ చూపించారు. రెండు, ఆయన అంతకుముందు నడిపిన స్నానశాల జరుపుడు తలుపుల జతను ఈ ఇంటికి వీధి తలుపులుగా పెట్టమన్నారు. పాత దేవదారు చెక్క, పైన అద్దాలు, చక్కగా ఉన్నాయి. పెద్దాయన మనసు ఎందుకు నొప్పించాలని రెండింటికీ సరేనన్నాను. అప్పుడు నన్ను నేను ఎంత మంచి కోడలిననుకున్నానో చెప్పలేను.

మామగారి పేరు గెంజో. ఎనభై ఒకటి. మా ఇల్లున్న చోటే, పక్కనున్న ఐదంతస్తుల భవనంతో కలిపి, ఆయన స్నానశాల ఉండేది. పేటంతా సాయంత్రమయ్యేసరికి తువ్వాలు భుజాన వేసుకుని అక్కడికే వచ్చేది. అందరి ఇళ్ళలోనూ స్నానాల గదులొచ్చాక జనం తగ్గారు, నీళ్ళు కాచే ఖర్చు పెరిగింది, మూడేళ్ళ కిందట మూసేశారు. స్థలం అమ్మగా మిగిలిన ముక్కలో ఈ ఇల్లు కట్టాం. పొగగొట్టం పోయింది, నీలం కొండ బొమ్మ వేసిన గోడ పోయింది, తొట్లు పోయాయి. ఈ తలుపులు కాక, చెప్పుకోదగ్గది మిగిలింది గద్దె ఒక్కటే.

గద్దె అంటే, మా భాషలో బందాయ్. స్నానశాల గుమ్మంలో, ఆడవాళ్ళ వైపుకూ మగవాళ్ళ వైపుకూ నడుమ, మనిషి భుజాలెత్తున, పక్కన పొట్టి మెట్లతో ఉండే చెక్క పీఠం. యజమాని దాని మీద కూర్చుని డబ్బులు తీసుకుంటాడు, సబ్బులిస్తాడు, రెండు వైపులా ఓ కన్నేసి ఉంచుతాడు. మా మామగారు యాభై ఏళ్ళు దాని మీదే కూర్చున్నారు. పేటలో ఆయన బట్టల్లేకుండా చూడని మనిషి లేడు. అడిగితే మాత్రం, నాకు మొహాలు తప్ప ఏమీ గుర్తులేవంటారు.

గద్దె దిగాక ఆ మహారాజుకు పనిలేకుండా పోయింది. ఇంట్లో అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. అన్నం దానంతటదే ఉడుకుతుంది, ఆరు కాగానే తొట్లో నీళ్ళు వాటంతటవే కాగుతాయి, నేనే టైమరు పెట్టాను. ఆయన కింద మూడు చాపలు పట్టే చిన్న గదిలో కూర్చుని ట్రాము ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో మాకు చెబుతుండేవారు.

గద్దె మాత్రం బియ్యం కొట్టు కినుయోగారి షెడ్డులో, బస్తాల వెనకాల ఉండేది. ఈ వానాకాలం మొదట్లో ఆవిడ కొడుకు కారు పెట్టుకోవడానికి ఆ షెడ్డు కూల్చేస్తానన్నాడు. నెలాఖరులోగా గద్దెను తీసుకుపోకపోతే చెక్కల కింద కొట్టి చెత్తబండికి ఎత్తిస్తానన్నాడు. ఆ రాత్రి మామగారు భోజనాల దగ్గర, ఊరగాయ ముక్క అందుకుంటూ, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు, గద్దెను ఇంటికి తెచ్చుకుందామా అన్నారు.

కుదరదన్నాను. మర్యాదగానే అన్నాను. అలమరంత వస్తువు, దాన్ని పెట్టడానికి గోడ లేదు, ఉన్నా నా నియమం ఒప్పుకోదు. అది ఒక్క పనే చేస్తుంది, అదీ ఇప్పుడు లేని పని.

"ఈ ఇంట్లో ప్రతిదీ రెండు పనులు చెయ్యాలి కదా మామయ్యగారూ," అన్నాను.

ఆయన ఊరగాయ నమిలి మింగి, "మరి నేనేం చేస్తున్నానమ్మా?" అన్నారు.

దెప్పినట్టు అనలేదు. నిజంగానే అడిగారు. మా ఆయన గిన్నెలోని మిసో పులుసులోకి తొంగి చూస్తూ ఉండిపోయాడు. కోహరు నా మొహంలోకి చూసింది. ఆ రాత్రి పరుపు మీద పడుకున్నా అదే ప్రశ్న. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. అది మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుణం.

మర్నాడే మామగారు రెండో ఎత్తు వేశారు. స్నానశాల దేవుడి అర రెండేళ్ళుగా అలమరలో గుడ్డ చుట్టి ఉందని, పేటకంతటికీ ఒళ్ళు కడిగిన దేవుణ్ణి చీకట్లో పెట్టడం తనకు బాధగా ఉందని అన్నారు. దేవుణ్ణి కాదనడానికి నా నోరు పెగల్లేదు. ఎక్కడ పెడదామంటే, ఆయన చెయ్యి ఎత్తి, వాకిట్లో నా ఖాళీ మీది గోడను చూపించారు. అర చిన్నదే, పైన ఎక్కడో ఉంటుంది, నేల నేలగానే ఉంటుంది. సరేనన్నాను.

అర ఎక్కాక ఇంకో చిక్కొచ్చింది. దేవుడి నెత్తిన ఎవరూ నడవకూడదు. సరిగ్గా ఆ పైనే మా భోజనాల గది, అందులో గెంతులు వేసే కోహరు. దానికి మా వాళ్ళకు తెలిసిన ఉపాయం ఒకటుంది కదా. మామగారు కుంచె తీసి, కాగితం మీద 'మబ్బు' అని పెద్ద అక్షరం రాసి, అర మీది కప్పుకు అతికించారు. ఇక దేవుడికి సంబంధించినంతవరకు ఆ పైన ఆకాశమే, అక్కడ మనుషులు లేరు. ఆ సాయంత్రం నేను పైన చెత్త లాగే మిషను తోస్తుంటే కింద నుంచి ఆయన గొంతు వినిపించింది. మబ్బుల్లో ఉరుములు మామూలేలెండి అని దేవుడికి సర్దిచెబుతున్నారు.

అసలు నొప్పి తర్వాత తెలిసింది. దేవుడికి రోజూ పొద్దున్నే నీళ్ళు, బియ్యం, ఉప్పు మార్చాలి. అర అందదు. మడత నిచ్చెన ఇచ్చాను. తన మోకాళ్ళు మడత పడవు, మడత పడే నిచ్చెనను నమ్మవు అన్నారు. దాంతో ఆఫీసుకు వెళ్ళే తొందర్లో ఆ పని నా మీద పడింది. నేను నిచ్చెన మీద, ఆయన కింద. నీళ్ళ గిన్నె కాస్త ఎడమకి, కాదు, అంత ఎడమకి కాదు, అని చెప్పేవారు. చివర్లో రోజూ ఒకే నిట్టూర్పు. "మునుపు గద్దె మీద కూర్చుంటే, చెయ్యి ఎత్తితే చాలు, అందేవాడు."

ఇదంతా గద్దె కోసమేనని నాకు తెలియదనుకోకండి. పూలు పూసే రోజుల్లో పార్కులో ముందే పట్టా పరిచి చోటు పట్టుకున్నట్టు, ఆయన దేవుణ్ణి పెట్టి గోడ పట్టుకున్నారు. నేనూ పట్టు విడవలేదు. పేటవాళ్ళు దారిలో ఆపి మరీ జాలిగా మాట్లాడసాగారు. చేపల కొట్టతను ఒక ముక్క ఎక్కువ వేసి, పెద్దాయన చిక్కిపోయారమ్మా అన్నాడు. పెద్దాయన చిక్కలేదు. ఆ ఎక్కువ ముక్క ఆయనే తిన్నారు.

నెల ఇంకో వారంలో అయిపోతుందనగా, ఈ గోల తేల్చేద్దామని టేపు తీసుకుని కినుయోగారి షెడ్డుకు వెళ్ళాను. వెనకాలే మామగారు వచ్చారు. గద్దె బస్తాల వెనకాల దుమ్ము కొట్టుకుని ఉంది. కొలిచాను. మా వీధి తలుపు తీస్తే వచ్చే సందు నాకు కంఠతా వచ్చు. గద్దె దానికంటే జానెడు వెడల్పుంది. నిలబెట్టినా, పడుకోబెట్టినా, అడ్డం తిప్పినా జానెడు ఎక్కువే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక కాదనాల్సింది నేను కాదు, గుమ్మమే.

కినుయోగారు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది.

"ఈ పేటలో నన్ను బట్టల్లేకుండా చూసిన మగాళ్ళు ఇద్దరే తల్లీ," అంది. "ఒకడు చచ్చిపోయాడు. రెండోవాడి పీటను నువ్వు చెత్తబండి ఎక్కిస్తున్నావు."

మామగారు కప్పు వైపు చూశారు. నాకు మొహం వేడెక్కింది. ఆ వేడిలోనే నోరు జారాను. నేను పాషాణాన్ని కాదని, గుమ్మంలోంచి వస్తే రానివ్వండి, ఉండనిస్తానని అన్నాను. గద్దెలో ఒక్క ముక్క కొయ్యకూడదు, నా ఇంటి మీద ఒక్క గీత పడకూడదు, అంతే అన్నాను.

"గుమ్మంలోంచి వస్తే ఉండనిస్తావు," అన్నారు మామగారు.

"ఉండనిస్తాను."

"కినుయోగారూ, విన్నారుగా."

ఆవిడ విన్నానంది. ఆయన అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైపెచ్చు దారి పొడుగునా ఆయన మీద జాలిపడ్డాను, ఆ రాత్రి ఆయనకిష్టమని వంకాయలు కాల్చి పెట్టాను. ఆయన రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

ఆదివారం పొద్దున వాన వెలిసింది. నేను పైన టీ కాస్తుంటే సందులో ఒకటే కోలాహలం. కిటికీలోంచి చూస్తే మా పేట పాత స్నానాల బృందం. అందరూ డెబ్భై దాటినవాళ్ళే, ఊరేగింపు రోజున దేవుడి పల్లకీ మోసేటప్పుడు తొడుక్కునే పొట్టి నీలం కోట్లు తొడుక్కుని, తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చారు. వాళ్ళ భుజాల మీది వాసాల మీద గద్దె ఊగుతూ వస్తోంది. ముందు కినుయోగారు విసనకర్రతో దారి చూపిస్తోంది. చేపల కొట్టతను వెనక కాపు కాస్తున్నాడు. కోహరు అప్పటికే వాళ్ళతో కలిసి అరుస్తోంది.

నేను తీరిగ్గా దిగాను. టేపు జేబులో వేసుకునే దిగాను. గుమ్మం ముందు గద్దె ఆగింది. తలుపు పూర్తిగా జరిపి, మర్యాదగా పక్కకు నిలబడ్డాను. చూడండి, జానెడు ఎక్కువ అన్నాను. అవునవును, జానెడు ఎక్కువే అని మామగారు నాకంటే ముందే ఒప్పుకున్నారు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, తలుపు రెక్కకు రెండు వైపులా అరచేతులు ఆనించి, దాన్ని పై గాడిలోకి ఎత్తి, అడుగు భాగాన్ని తనవైపు లాగారు. రెక్క చేతుల్లోకి వచ్చేసింది. దాన్ని గోడకు ఆనించి, రెండో రెక్కను కూడా అలాగే ఊడదీశారు. నాలుగుసార్లు ఊపిరి తీసేంత సేపు కూడా పట్టలేదు. మా ఇంటి ముందు వైపంతా ఒకే పెద్ద గుమ్మమై కూర్చుంది.

జరుపుడు తలుపు గాడిలోంచి లేస్తుందని తెలియని మనిషి మా దేశంలో ఉంటాడా? ఏడాది చివర దులుపుళ్ళప్పుడు ఇంట్లో తలుపులన్నీ నేనే ఊడదీసి వాటి కాగితపు తెరలు మారుస్తాను. పెద్ద బీరువా పట్టదేమోనని భయపడేవాళ్ళకు, తలుపులు ఊడదీస్తే పడుతుందండీ అని చెప్పేది నేనే. కానీ వీధి తలుపును ఎవరు లేపుతారు? రోజూ సగం తెరవడం, సగం మూయడం, ఆ సగమే నాకు గుమ్మం అయిపోయింది. టేపు జేబులోంచి తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాను.

గద్దె లోపలికి వచ్చింది. ఎక్కడా రాసుకోలేదు, ఒక్క గీత పడలేదు. ఎడమ గోడవార, నా ఖాళీలోకి, సొరుగు పెట్టెలోకి జారినట్టు జారింది. వెనక గోడకూ దానికీ మధ్య ఒక వేలు కూడా పట్టదు. దాని మీద దేవుడు, దేవుడి మీద మబ్బు. ముసలాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

అప్పుడు నాకు వెలిగింది. ఆ సుద్దగీత. ఆ తలుపుల జత. ఆయన మొహంలోకి చూశాను.

"మోకాళ్ళ కోసం అన్నారు కదా?"

"మోకాళ్ళూ నొప్పులే," అన్నారు మామగారు.

నాకు ఒళ్ళు మండింది. తలుపులు గోడకు ఆనించి ఉన్న ఇంట్లో, వీధిలో వాళ్ళంతా చూస్తుండగా, అంత మండినా ఏం చేస్తాం? పైకి వెళ్ళి మా ఆయన్ను పట్టుకున్నాను. నీకు ముందే తెలుసా అన్నాను. సుద్దగీత గీసేటప్పుడు టేపు పట్టుకున్నది తనేనని మెట్టు సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ చెప్పాడు. పేటలో ఎవరెవరికి తెలుసని అడిగాను. నీకు తప్ప అన్నాడు.

అందరికీ టీలు, ఊరవేసిన రేగుపండు పెట్టిన అన్నం ముద్దలు ఇచ్చి పంపించాక, మామగారు తడిగుడ్డతో గద్దె తుడుస్తుంటే అడిగాను. రెండేళ్ళ కిందటే చోటు చూసిపెట్టుకుని, ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు, అప్పుడే చెప్పొచ్చు కదా అని. ఆయన గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు.

"నీ ఇల్లు కదమ్మా. ఈ ఖాళీ చూసి, ఇక్కడేం పెడదాం మామయ్యగారూ అని నువ్వే ఎప్పుడో అడుగుతావనుకున్నాను," అన్నారు. "నువ్వేమో వచ్చినవాళ్ళకల్లా అది ఊపిరి అని చెబుతున్నావు. ఎలా అడగను?"

ఎన్ని ఇళ్ళకు వెళ్ళాను, ఎంతమందిని కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఎవరికి ఏం కావాలో ముందు చెప్పండి అని అడిగాను. నా ఇంట్లో రెండేళ్ళుగా గద్దె కొలతకు ఒక చోటు ఎదురుచూస్తూ ఉంటే, రోజూ దాన్ని తుడిచి, నలుగురికీ చూపించి గొప్పలు చెప్పుకున్నాను. ఆ ముసలాయన గదిలో కూర్చుని అవన్నీ వింటూనే ఉన్నారు.

అయినా ఓడిపోయానని పైకి ఒప్పుకోవడం నా వల్ల కాదు. నియమం నియమమే, గద్దె రెండు పనులు చెయ్యాల్సిందేనన్నాను. ఆయన గద్దె కిందున్న చిన్న తలుపు తెరిచారు. లోపల స్నానశాల చెప్పుల అరలు, ఒక్కో అరకూ తాళంచెవిలా ఒక చెక్క బిళ్ళ. నేను వారం వారం పోట్లాడే మా ఇంటి చెప్పుల గుట్టంతా అందులోకి పోయి, ఇంకా రెండు అరలు మిగిలాయి. గద్దె సంగతి తేలిపోయింది. మనిషి సంగతి మిగిలింది. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

మర్నాడు ఆఫీసులో ఆలస్యమైంది. ట్రాము దిగి, చిన్న వానలో, గొడుగు లేకుండా సందు మలుపు తిరిగాను. దూరం నుంచే మా వీధి తలుపు అద్దాల్లో వెలుగు, ఆ వెలుగులో మామూలుగా ఎవరూ ఉండనంత ఎత్తున ఒక తల కనిపించాయి. తలుపు జరిపాను. మామగారు గద్దె మీద కూర్చుని ఉన్నారు, భుజాన తువ్వాలు. దేవుడి దగ్గర నీళ్ళు మార్చి ఉన్నాయి, గిన్నె సరిగ్గా మధ్యలో ఉంది.

"రండి, రండి," అన్నారు. పేటంతటినీ యాభై ఏళ్ళు పిలిచిన గొంతుతో అన్నారు. "నీళ్ళు ఇప్పుడే కాగాయి."

టైమరు ఆరింటికే కదా, ఈపాటికి చల్లారి ఉంటాయి కదా అన్నాను. టైమరు తీసేశానన్నారు. అది ఆరింటికి కాచేది, నువ్వొచ్చేది ఏ ఎనిమిదింటికో, రెండేళ్ళుగా చల్లారిన నీళ్ళే పోసుకుంటున్నావు, ఇక్కడి నుంచి చూస్తే సందు మలుపు కనిపిస్తుంది, నువ్వు మలుపు తిరగడానికి ముందు ట్రాము గంట వినిపిస్తుంది, గంట వినగానే మీట నొక్కాను అన్నారు. తర్వాత గద్దె మీద నుంచి కాస్త ముందుకు వంగారు.

"రెండు పనులన్నావు కదా. ఒకటి నీళ్ళు. రెండోది, ఇక్కడ కూర్చోవడం."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వానలో తడిసొచ్చాను కాబట్టి బతికిపోయాను.

"కూర్చోవడం కూడా ఒక పనేనా మామయ్యగారూ?" అన్నాను.

"యాభై ఏళ్ళు జనం నాకు డబ్బులిచ్చింది దానికేనమ్మా," అన్నారు.

బూట్లు విప్పి అరలో పెట్టాను. చెక్క బిళ్ళ తీసి పైకి అందించాను. ఆయన దాన్ని అందుకుని, తువ్వాలు నా చేతిలో పెట్టి, మునుపు ఆడవాళ్ళ వైపు ఉన్న దిక్కుకు చెయ్యి చూపించారు.